సెట్ చేసింది నాలుగు, ఉన్నది ఏడున్నర

ఏప్రిల్ నెలలో గుంటూరు శివార్లలోని కోల్డ్ స్టోరేజీ మెషిన్ గదిలోకి వెళ్తే ముందు అమోనియా వాసన, దాని వెనకే మిర్చి ఘాటు ముక్కు పట్టుకుంటాయి. పోయినేడు నేను వెళ్లిన గదిలో గోడకు ఒక ప్యానెల్ ఉంది. ఒక్కో చాంబరుకు ఒక్కో చిన్న డబ్బా, డబ్బా మీద రెండు వరసల అంకెలు. పై వరస ఎర్రగా వెలుగుతోంది, 7.5 అని. కింది వరస ఆకుపచ్చగా, 4.0 అని. పైదాని పక్కన పీవీ అనీ, కిందిదాని పక్కన ఎస్‌వీ అనీ ఇంగ్లీషు పొడి అక్షరాలు. ఏమిటివని అడిగితే ఆపరేటరు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ చెప్పాడు: “కిందది మనం చెప్పింది సార్. పైది జరిగింది.”

కల్లాల్లో ఎండి, లారీల మీద కాగి వచ్చిన టిక్కీలు ఆ వారం చాంబర్లోకి వేలల్లో దిగుతున్నాయి. ఒక్కోటి నలభై కిలోలకు పైమాటే. తలుపు మూసే తీరిక లేదు. కంప్రెసరు రాత్రింబవళ్లు ఆడుతున్నా లోపల నాలుగు డిగ్రీలకు దిగాలంటే రోజులు పడుతుంది. అందులోనూ ఆ ఏడున్నర గోడవార వేలాడే సెన్సరు చెప్పే మాట. దొంతి నడిమధ్య ఉన్న టిక్కీ లోపల ఎంత వేడి ఉందో దానికీ తెలియదు. అది తెలియాలంటే పొడవాటి చువ్వలాంటి థర్మామీటరు తెచ్చి టిక్కీలోకి గుచ్చాలి.

చెప్పింది ఒకటి, గోడ దగ్గర ఉన్నది ఒకటి, టిక్కీ కడుపులో ఉన్నది మరొకటి. నేను రాయబోయేది కంప్యూటరు ప్రోగ్రాం గురించి. అయినా ఈ మూడు అంకెలూ గుర్తుంటే సగం వ్యాసం చదివేసినట్టే.

సాఫ్ట్‌వేర్ టూల్స్‌కి వాడుక వివరాలు రాయడం నా ఉద్యోగం. “అంటే పురుగుమందు డబ్బాలో మడతపెట్టి పెడతారే, ఆ కాగితమా?” అన్నాడు మా బావమరిది. దాదాపు అంతే, దాన్నీ ఎవరూ చదవరు, దీన్నీ ఎవరూ చదవరు. ఆ మధ్య నాకు అప్పగించిన పని చూడ్డానికి చాలా చిన్నది. ఒక సర్వరుకు బ్యాకప్ నిల్వ ఎలా అమర్చారో చదివి చూపించే టూల్. అది కాపీ తీయదు, చెరపదు, ఏ అమరికా మార్చదు. అడిగితే చెబుతుంది. అటువంటివాటిని రీడ్-ఓన్లీ అంటారు. ఒక పూట పని, ఒక పేజీ చాలు అనుకున్నాను. మూడు వారాలు పట్టింది. అన్ని రోజులు ఎందుకు పట్టిందో చెప్పాలంటే మా బాబాయ్ కొట్టు సంగతి చెప్పాలి.

బాబాయ్‌ది మిర్చి కమీషన్ వ్యాపారం. లెక్కలు కంప్యూటరెక్కి చాలా ఏళ్లయింది. ఏ రైతు ఎన్ని టిక్కీలు తెచ్చాడు, తేజానా 334నా 341నా, తాలు ఎంత, కాటాలో ఎంత తూగింది, ఎవరు కొన్నారు, సాగుకు ముందే ఇచ్చిన డబ్బెంత, అన్నీ అందులోనే. ప్రోగ్రాం పెట్టినతను వెళ్లేముందు బ్యాకప్ కూడా అమర్చి వెళ్లాడు: ప్రతి రాత్రీ 9 గంటలకు, ‘ఈ’ (E) డ్రైవులోకి. సెట్టింగుల పేజీ తెరిస్తే అదే కనిపించేది, పక్కన ఆకుపచ్చ టిక్కుతో సహా. ఈ డ్రైవంటే కంప్యూటరు వెనక గుచ్చిన పెన్‌డ్రైవ్. దీపావళి ముందు ఎవరో పెళ్లి ఫొటోల కోసం దాన్ని పీకి పట్టుకెళ్లారు. పాపం తిరిగి తెచ్చారు కూడా. తెచ్చి సొరుగులో పెట్టారు. మార్చిలో, యార్డుకు లక్ష టిక్కీలు దాటి వస్తున్న రోజుల్లో, హార్డ్ డిస్కు రెండు రోజులు టకటకలాడి ఆగిపోయింది.

“కంగారేముందిరా, బ్యాకప్ ఉందిగా. నేను రోజూ చూస్తూనే ఉన్నా” అన్నాడు బాబాయ్. అబద్ధం కాదు, ఆయన రోజూ చూశాడు. చూసింది ఎస్‌వీని.

గుమాస్తా గారికి చేత్తో చిట్టా రాసుకునే పాత అలవాటు పోలేదు కాబట్టి కొట్టు నిలబడింది. ఆ పుస్తకాన్నీ, రైతుల జేబుల్లోంచి రప్పించిన కాటా చీటీలనూ ముందేసుకుని పదకొండు రోజులు కూర్చుని ఆవర్జా మళ్లీ కట్టారాయన.

ఇదేదో కమీషన్ కొట్లకే పట్టే దరిద్రం అనుకోనక్కర్లేదు. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగిందీ ఇదే కథ, కాకపోతే డాలర్లలో. ప్రపంచం నలుమూలల ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే చోటది. ఒక ఇంజనీరు, రాత్రి పొద్దుపోయాక, రెండు సర్వర్లలో ఖాళీ చేయాల్సింది ఒకటైతే ఇంకోదాన్ని ఖాళీ చేశాడు. సుమారు 300 గిగాబైట్ల డేటాబేసు. పొరపాటు తెలిసి చెయ్యి ఆపేసరికి మిగిలింది నాలుగున్నర. డేటాబేసును రోజూ కాపీ తీసి అమెజాన్ ఎస్3 నిల్వకు పంపే ఏర్పాటు ఉంది కదా అని నిల్వ తెరిచారు. ఖాళీ. కాపీ తీసే ప్రోగ్రాం 9.2 వెర్షనుది, డేటాబేసు 9.6ది. రెండిటికీ పొసగక పని మొదలవగానే ఆగిపోతోంది. ఆగితే ఈ-మెయిల్ వెళ్లే ఏర్పాటూ ఉంది. ఆ మెయిళ్లకు సరైన సంతకం లేదని అందుకోవాల్సిన సర్వరే వాటిని తిప్పికొడుతోంది. చివరికి ఆరు గంటల ముందు వేరే పని కోసం ఒకరు చేత్తో తీసి ఉంచుకున్న కాపీ దొరకబట్టి గట్టెక్కారు. ఆ ఆరు గంటల్లో చేరిన దాదాపు 5,000 ప్రాజెక్టులు, అన్నే వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు మాత్రం పోయాయి. ఇంత వివరంగా మనకెలా తెలిసిందంటే వాళ్లే రాసి ప్రకటించారు. మరమ్మతు జరుగుతున్నంతసేపూ యూట్యూబులో ప్రత్యక్ష ప్రసారం కూడా పెట్టారు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది.

ఆ సాయంత్రం గిట్‌ల్యాబ్‌లో ఎవరైనా సెట్టింగులు చదివే టూల్‌ను అడిగి ఉంటే ఏం చెప్పేది? నిల్వ చోటు ఎస్3, రోజుకోసారి, అని చెప్పేది. అందులో ఒక్క ముక్క అబద్ధం ఉండేది కాదు. నా పేజీలో మొట్టమొదటి వాక్యం ఇదే కావాలని అప్పుడు తోచింది: ఈ టూల్ బ్యాకప్‌ను ఎలా తీయమన్నారో చెబుతుంది, తీశారో లేదో చెప్పదు.

అంతమాత్రాన ఆ టూల్ పనికిరానిదని కాదు. మిర్చి దాచుకునే రైతు కోల్డ్ స్టోరేజీ కిటికీ దగ్గర అడిగేవే ఇక్కడా ప్రశ్నలు. సరుకు ఏ స్టోరేజీలో, ఏ చాంబర్లో ఉంది? ఎన్నాళ్లు ఉంచుతారు? ఎవరి పేరు మీద ఉంది? ఎవరొచ్చి అడిగితే బయటకు ఇస్తారు? బ్యాకప్ సెట్టింగులంటే వీటికి జవాబులే. కాపీ ఏ నిల్వలోకి పోవాలి, ఎంతసేపటికోసారి, ఎన్నాళ్లు అట్టిపెట్టాలి, తాళం వేసి ఉంచాలా, ఆ తాళంచెవి ఎవరి దగ్గర. ఒక కంప్యూటరైతే పేజీ తెరిచి చూసుకోవచ్చు. రెండు వందల సర్వర్లుంటే? వాటిలో పదిహేడింటికి నిల్వ చోటే చెప్పలేదని ఒక్క నిమిషంలో తేల్చేది ఇలాంటి టూలే. ఎస్‌వీనే సున్నా దగ్గర వదిలేసిన చాంబర్లను ముందు పట్టుకోవాలి కదా.

ఇక రాతలో కష్టం ఎక్కడుందో చెబుతాను. మా వృత్తిలో ఒక రోగం ఉంది. టూల్ ఇచ్చే జవాబులో “నిల్వ గడువు” అనే గడి ఉంటే, దాని ఎదురుగా “నిల్వ గడువును చూపుతుంది” అని రాసి చేతులు దులుపుకుంటాం. మిరపకాయ అంటే మిరపచెట్టుకు కాసేది అన్నట్టు. చదివేవాడికి అదనంగా తెలిసింది శూన్యం. నా మొదటి చిత్తుప్రతి నిండా ఇటువంటివే.

ఆ గడువు గడిలో 7 అని వచ్చిందనుకోండి. ఏడు రోజులా? ఏడు కాపీలా? రోజుకో కాపీ తీసేచోట రెండూ ఒకటే. గంటకో కాపీ తీసేచోట ఏడు కాపీలంటే ఏడు గంటలు. శనివారం రాత్రి లెక్క చెడితే సోమవారం పొద్దున కొట్టు తెరిచేసరికి మంచి కాపీ ఒక్కటీ మిగలదు. ఏడుకు ఏడూ చెడిన లెక్కకు తీసిన శుభ్రమైన కాపీలు. టూల్ రాసిన ఇంజనీరును అడిగితే “కాపీలే, అది తెలిసిందేగా” అన్నాడు. ఎవరికి తెలిసింది?

టైము సంగతి ఇంకా తమాషా. బ్యాకప్ వేళ 06:00 అని చూపిస్తోంది టూల్. పొద్దున్నే ఆరింటికి, కొట్టు తెరవకముందే పనైపోతోంది అనుకుంటాం. కానీ సర్వర్లు ఎక్కువగా యూటీసీ అనే అంతర్జాతీయ కాలమానంలో మాట్లాడతాయి. మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందు. ఆ 06:00 మనకు పదకొండున్నర. కాటాలు ఊపిరాడకుండా నడుస్తూ, చీటీ మీద చీటీ ఎక్కుతున్న వేళ. అప్పుడు డేటాబేసంతా కాపీ తీయబోతే ప్రోగ్రాం నత్తలా నడుస్తుంది. నడిపేవాడు విసుగెత్తి బ్యాకప్ ఆపేస్తాడు. ఒక్క మాట, “వేళలన్నీ యూటీసీలో” అని రాసి ఉంటే ఈ గొలుసు మొదటి ముడి దగ్గరే తెగేది.

చోటు పేరు దగ్గర మన తెలుగువాళ్లకు మాత్రమే పడే ఒక గుంట ఉంది. అమెజాన్ క్లౌడ్ నిల్వ ఎక్కడ అని అడిగితే జవాబు ఏపీ-సౌత్-2 అని రావచ్చు. గుంటూరులో కూర్చుని చదివేవాడికి అదేదో ఆంధ్రప్రదేశ్ దక్షిణాన, ఏ ఒంగోలు వైపో ఉన్నట్టు వినిపిస్తుంది. ఏపీ అంటే అక్కడ ఆసియా పసిఫిక్. ఆ కేంద్రం 2022 నవంబరులో హైదరాబాదులో మొదలైంది. ఏపీ-సౌత్-1 ముంబైది. పేరు విప్పి చెప్పడం ఎందుకు అవసరమంటే, అసలు డేటా హైదరాబాదులోనే ఉండి బ్యాకప్పూ అక్కడే ఉంటే రెండూ ఒకే ఇంటి చూరు కింద ఉన్నట్టు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని తేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రం బ్యాటరీలకు నిప్పంటుకుంది. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే 858 టెరాబైట్ల నిల్వ బూడిదైంది. అంత పెద్దదానికి బయట కాపీ పెట్టడం కుదరదని పెట్టలేదు. మా వైపు పెద్ద రైతులు సరుకంతా ఒకే కోల్డ్ స్టోరేజీలో పెట్టరు. ఎందుకని అడిగితే, ఎప్పుడో ఎక్కడో నిప్పు పడిన స్టోరేజీ సంగతి చెబుతారు. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో అనే 3-2-1 సూత్రాన్ని పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చాడు. మన రైతులు అందులో మూడో అంకెనైనా ఆయనకన్నా ముందే పట్టుకున్నారు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ సతాయించింది ఖాళీ గడి. టూల్ జవాబులో ఒక చోట ఏమీ లేదు. దానికి మూడు అర్థాలు. అక్కడ ఎవరూ ఏమీ అమర్చలేదు. లేదా అమర్చకపోతే వర్తించే మామూలు పద్ధతి నడుస్తోంది. లేదా అమర్చారు గానీ, అడిగినవాడికి దాన్ని చూసే హక్కు లేదు. మూడోదానికీ మొదటిదానికీ హస్తిమశకాంతరం. కానీ తెర మీద రెండూ ఒకేలా తెల్లగా కనిపిస్తాయి.

దీనికి పోలిక కోసం నేను దూరం వెళ్లలేదు. పొలం కొనేవాళ్లందరికీ నిల్ ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) సంగతి తెలుసు. ఉమ్మడి రాష్ట్రంలో 1998 నవంబరులో కార్డ్ పథకం కింద రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ మొదలయ్యాక, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో గంటల్లో చేతికొచ్చే కాగితమైంది ఈసీ. నిజానికి అదొక అచ్చమైన రీడ్-ఓన్లీ టూల్. ఎన్నిసార్లు అడిగినా దస్తావేజుల్లో చుక్క మారదు. అందులో నిల్ అని వస్తే భూమి మీద ఏ అప్పూ లేదని సంబరపడతారు. అది చెప్పేది అంత కాదు. మీరడిగిన సర్వే నంబరు మీద, మీరడిగిన సంవత్సరాల మధ్య, రిజిస్టరైన లావాదేవీ ఏదీ కనబడలేదు, అంతే. పాసుపుస్తకం కుదువపెట్టి షావుకారు దగ్గర తెచ్చిన చేబదులు అందులో ఉండదు. మీరడిగిన ఏళ్లకు ముందు జరిగింది ఉండదు. ఆ చేలో పత్తి వేసి, కౌలు కట్టి, మందు కొట్టి నడుం విరిగిన మనిషి పేరు ఉండదు. 2015లో వచ్చిన మీభూమి పోర్టల్లో అడంగల్ ఎవరైనా చూసుకోవచ్చు. అక్కడా అంతే. రికార్డులో రాసింది కనబడుతుంది, గట్టు మీద ఉన్నది కాదు. ఈ ఎరుక గుంటూరు, ప్రకాశం రైతులకు పుట్టుకతో వస్తుంది. ఈసీ చూశాక కూడా ఊళ్లోకి వెళ్లి నలుగురిని వాకబు చేస్తారు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు అది నేర్పాల్సి వస్తోంది.

అందుకని నా పేజీలో ఖాళీ గడికి ఒక్కదానికే ఏడు వాక్యాలు రాశాను. ఎడిటరు మూడుకు కోసింది. నేను మళ్లీ ఐదు చేశాను.

ఇప్పుడు రీడ్-ఓన్లీ అనే మాట దగ్గరికి వద్దాం. పాటల క్యాసెట్ల కాలం చూసినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. క్యాసెట్ పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుండేవి. పలుకు విరిచేస్తే టేప్‌రికార్డరులో రికార్డు మీట దిగేది కాదు. పాట వినొచ్చు, చెరపలేం. మళ్లీ చెరపాలనిపిస్తే ఆ గుంటలో కాగితం ముక్క కుక్కేవాళ్లం. అది మాట కాదు, గట్టి అడ్డం. మనకు కావాల్సిన తేడా అంతా ఆ పలుకులోనే ఉంది: ‘దీని మీద రికార్డు చేయకండి’ అని క్యాసెట్ మీద పెన్నుతో రాయడం వేరు, పలుకు విరవడం వేరు.

వెబ్ కట్టినవాళ్లు ఈ తేడాను మాటల్లో పెట్టుకున్నారు. బ్రౌజరు సర్వరుకు పంపే అభ్యర్థనల్లో గెట్ అంటే చూపించమని అడగడం, పోస్ట్, డిలీట్ లాంటివి ఏదో చేయమని చెప్పడం. గెట్ వల్ల ఏదీ మారకూడదని నియమం. నియమమే, అడ్డం కాదు. 2005 మేలో గూగుల్ ఒక వెబ్ యాక్సిలరేటర్ విడుదల చేసింది. మీరు ఒక పేజీ చదువుతుండగానే అందులోని లింకులన్నీ అది ముందే తెరిచి సిద్ధం చేసేది, మీరు నొక్కగానే ఆలస్యం కాకుండా. చూడ్డమే కదా, నష్టమేముంది? ఉంది. కొన్ని సైట్లలో ‘తొలగించు’ అనేది కూడా మామూలు లింకుగానే పెట్టారు. యాక్సిలరేటర్ వాటినీ వరసగా తెరిచింది. 37సిగ్నల్స్ వాళ్ల బ్యాక్‌ప్యాక్ వాడేవాళ్లు తమ పేజీలు వాటంతటవే మాయమవుతుంటే తెల్లబోయారు. చూసిన పాపానికి చెరిగిపోయాయి.

అందుకే ఒక టూల్‌ను రీడ్-ఓన్లీ అని రాసేముందు నేను ఇంజనీరును అడిగే ప్రశ్న ఒక్కటే: దీని చేతికి మీరిచ్చిన తాళంచెవి ఏది? టూల్ లోపలి కోడ్ మంచిదే కావచ్చు, రేపు ఎవరో మార్చవచ్చు. దాని ఖాతాకు సెట్టింగులు చదివే హక్కు తప్ప ఇంకేదీ ఇవ్వకపోతే, అది తలకిందులైనా ఏమీ చెరపలేదు. పనికి ఎంత అవసరమో అంతే అధికారం ఇవ్వాలన్న ఈ సూత్రాన్ని సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు 1975లోనే తమ వ్యాసంలో రాసిపెట్టారు. మొదటిసారి అడిగినప్పుడు మా ఇంజనీరు కాస్త నీళ్లు నమిలాడు. పరీక్షించేటప్పుడు ఇచ్చిన పెద్ద తాళంచెవే ఇంకా దాని జేబులో ఉంది. మార్చడానికి రెండు రోజులు పట్టింది. పేజీ రాసే పనిలో కోడ్ బాగుపడటం అరుదే గాని, జరుగుతుంది.

ఈ ప్రశ్న ఇప్పుడు ఎందుకింత అవసరమంటే, ఈ టూళ్లను వాడేది మనుషులు మాత్రమే కాదు, ఏఐ కూడా. మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే పద్ధతిని ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో విడుదల చేసింది. దాని ప్రకారం టూల్ తన గురించి రాసుకున్న వివరణను ఏఐ చదివి, ఎప్పుడు వాడాలో తనే తేల్చుకుంటుంది. అంటే నేను రాసే ఆ పురుగుమందు చీటీని తు.చ. తప్పకుండా చదివే పాఠకుడు ఎట్టకేలకు దొరికాడన్నమాట. సంతోషించాలో భయపడాలో తెలియదు. ఆ పద్ధతిలో ‘రీడ్‌ఓన్లీహింట్’ అని ఒక జెండా ఉంది, ఈ టూల్ దేన్నీ మార్చదని చెప్పడానికి. హింట్ అన్నారు చూడండి, సూచన. నమ్మకం లేని చోటు నుంచి వచ్చిన జెండాను నమ్మవద్దని ఆ నియమావళే హెచ్చరిస్తుంది. ఏ జెండా లేకపోతే ఆ టూల్ మార్చగలదనే, చెరపగలదనే అనుకోమంటుంది. తెలియని సీసాలో ఉన్నది విషమే అనుకోవడం లాంటిది. మా ప్రాంతంలో పిల్లలకు చెప్పే జాగ్రత్త.

మాటకూ తాళానికీ ఉన్న దూరం 2025 జులైలో మళ్లీ బయటపడింది. రెప్లిట్ అనే సంస్థ ఏఐ ఏజెంటుతో ఒకాయన ప్రోగ్రాం కట్టిస్తున్నాడు. ఏమీ మార్చవద్దని రాతపూర్వకంగా పదే పదే చెప్పాడు. అది అసలు డేటాబేసును చెరిపేసింది. ఆపైన, వెనక్కి తీసుకురావడం కుదరదని కూడా చెప్పింది. ఆయన ప్రయత్నిస్తే కుదిరింది! మొదటి తప్పు అందరూ చర్చించారు. నాకు రెండోదే ఎక్కువ నచ్చింది, అంటే నా వృత్తికి. బ్యాకప్ ఎలా ఉందో చదివి చూసుకోకుండా నోటికొచ్చింది చెప్పే గుమాస్తా అది.

ఇంకో మాట. మార్చకపోతే చాలు, చూడ్డంలో ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. డబ్బు కోసం కంప్యూటర్లకు తాళాలు వేసే రాన్సమ్‌వేర్ ముఠాలు లోపలికి రాగానే ముందు వెతికేది బ్యాకప్ ఎక్కడుందనే. అది చెరిపేస్తేనే కదా బాధితుడు డబ్బు కడతాడు. 2019 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద అటువంటి దాడి జరిగింది. అప్పటికి గుంటూరు, ప్రకాశం జిల్లాలు తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ మండల సంస్థ కిందే ఉండేవి. అందుకని మా టూల్ నిల్వ చోటు చూపిస్తుంది గాని, తాళంచెవి దగ్గర నక్షత్రాలు మాత్రమే చూపిస్తుంది. ఎవరు ఎప్పుడు అడిగారో రాసి పెడుతుంది, కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర ఊరికే చూడ్డానికి వచ్చినవాడి చేత కూడా రిజిస్టరులో సంతకం పెట్టించినట్టు. పేజీలో ఉదాహరణ కోసం నేను నిజం సర్వరు జవాబునే అంటించబోయి ఆగాను. అలా అంటించిన తాళంచెవులు బయటపడి కొంపలు మునిగిన సందర్భాలు మా రంగంలో కొత్తేం కాదు.

పేజీ అయ్యాక దాన్నే కుదించి బాబాయ్ కొట్టుకు ఒక కాగితం రాసిచ్చాను. క్యాలెండరు పక్కన అంటించారు. పైన పెద్ద అక్షరాల్లో, తెరలో కనబడేది మనం చెప్పిందే, జరిగిందని కాదు, అని ఉంటుంది. దాని కింద గుమాస్తా గారు తన పెన్నుతో ఒక వరస చేర్చారు: ఆదివారం చువ్వ గుచ్చాలి. మెషిన్ గది సంగతి నేను చెబితే ఆయన పట్టుకున్న మాట అది. ప్రతి ఆదివారం వారంలో ఏదో ఒక రోజు కాపీని పాత ల్యాప్‌టాప్‌లోకి వెనక్కి తెచ్చి, కాటా చీటీల కట్టలోంచి ఒకటి లాగి, రెండూ సరిపోల్చి చూస్తున్నారు.

పోయిన ఆదివారం నేనూ కూర్చున్నాను. చీటీ లాగారు. 39 టిక్కీలు, 341 రకం. ల్యాప్‌టాప్ తెర మీద 38.

బాబాయ్ ముఖంలో నెత్తురు లేదు. “ఒరే అబ్బాయ్, మళ్లీనా?”

గుమాస్తా గారు కళ్లద్దాలు పైకి తోసుకుని తెరను రెండు మూడుసార్లు కిందికి జరిపారు. “కంగారుపడమాకండి. తాలు ఒక టిక్కీ వేరే పద్దులో కదండీ రాసింది.” వేలు పెట్టి చూపించారు. అదే రైతు, అదే తేదీ, తాలు, ఒకటి.

బాబాయ్ లేచి వాకిట్లోకి వెళ్లి మూడు టీలు చెప్పాడు.